అక్టోబరు నీళ్లలో గాలం: డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో బాస్, క్రాపీ, బ్లూగిల్ పట్టే పద్ధతి

సెప్టెంబరు ఆఖరి వారం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. లిటిల్ ఎల్మ్ వైపు ఒక చిన్న వాగు లూయిస్‌విల్ లేక్‌లో కలిసే చోట తెల్ల కొంగ ఒకటి నీళ్లలో నిలబడి ఉంది. మెడ చాచి ముక్కుతో పొడిచిన ప్రతిసారీ వేలెడంత వెండి చేప ఒకటి దాని నోట్లో మెరుస్తోంది. అంతలో కొంగకు నాలుగు గజాల అవతల నీళ్లు చిట్లాయి. గుప్పెడు బియ్యం విసిరినట్టు చిన్న చేపలు గాల్లోకి ఎగిరి పడ్డాయి. కింద నుంచి బాస్ వాటిని తరుముతోంది. ఆ వేసవంతా నేను లోతు నీళ్ల గట్టున రాళ్ల దగ్గరే గాలం వేస్తూ వచ్చాను. అలవాటు మానుకుని ఆ మూలకు తెల్లటి ఎర ఒకటి విసిరితే మూడో విసురుకే రాడ్ వంగింది. పదహారు అంగుళాల లార్జ్‌మౌత్ బాస్.

మాది గోదావరి డెల్టా. వెదురు కర్ర, బెండు, ఎర్రలు పట్టుకుని కాలవ గట్టున జెల్లలూ పరిగెలూ పట్టిన వాళ్లం. కాలవ చిన్నది, చేప ఎక్కడ ఉంటుందో ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. ఇక్కడ దాదాపు 29 వేల ఎకరాల నీళ్లు ఉన్నాయి. ఫ్రిస్కో, ప్లేనో, లిటిల్ ఎల్మ్, ది కాలనీలో ఉండే మనవాళ్లు చాలామంది రాడ్ కొని, పార్కులో దొరికిన చోట నిలబడి రెండు గంటలు చూసి, చేప లేదని తిరిగి వెళ్లిపోతుంటారు. చేప ఉంది. ఆకులు రాలే కాలంలో అది దేని వెంట పోతుందో తెలిస్తే చాలు.

దాని పేరు షాడ్. మన పరిగెల్లా గుంపులుగా తిరిగే వెండి రంగు చిన్న చేప. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఈ మూడు నెలలూ ముందు షాడ్‌ను వెతకాలి. కింద రాసినదంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

నీళ్లలో ఏం జరుగుతోంది

జులై, ఆగస్టుల్లో పైనీళ్లు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాగుతుంటాయి. వేడి నీళ్లు తేలిక కాబట్టి పైన ఉంటాయి, చల్లనివి అడుగున. రెండూ కలవవు. అడుగు పొరలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, చేప మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. సెప్టెంబరు సగం దాటాక రాత్రిళ్లు చల్లబడి, పైనీళ్లు కూడా చల్లబడి బరువెక్కుతాయి, కిందికి దిగుతాయి, లేక్ మొత్తం కలగలుస్తుంది. దీన్నే ఇక్కడ టర్నోవర్ అంటారు. అది జరిగే కొద్ది రోజులు నీళ్లు గోధుమ రంగుకు తిరిగి, నురగ కట్టి, కుళ్లిన వాసన వేయవచ్చు. అప్పుడు లోతు నీళ్లలో గాలం వేయడం వృథా. పొరలు కట్టేంత లోతు లేని వాగు మూలలకు వెళ్లండి, అక్కడి నీళ్లు బాగానే ఉంటాయి.

షాడ్ తినేది నీళ్లలో తేలే సూక్ష్మజీవులను. చల్లబడే కొద్దీ ఆ గుంపులు లేక్ నడిమధ్య నుంచి వాగుల్లోకి మళ్లుతాయి. చలికాలానికి ముందు ఒళ్లు చేయాల్సిన బాస్ వాటి వెనకే వెళ్తుంది. నేను అయిదు డాలర్ల థర్మామీటరు ఒకటి దారానికి కట్టి నీళ్లలో వేస్తాను. 80 కంటే కిందికి వచ్చిందంటే షాడ్ వాగు ముఖద్వారం దగ్గరికి చేరుతున్నాయని లెక్క. 70ల్లో వాగు సగం దాకా వస్తాయి. 60ల్లో, అంటే మామూలుగా అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య వరకు, వాగు చివర లోతు లేని నీళ్ల దాకా పోతాయి. 55 కంటే తగ్గితే మళ్లీ లోతుకు తిరుగు ప్రయాణం. తారీఖు కంటే థర్మామీటరునే నమ్మండి. ఒక ఏడాది దసరాకే స్వెటర్ తీయాలి, ఇంకో ఏడాది దీపావళికి కూడా చెమటలే.

లేక్ పుట్టుక తెలిస్తే చేప జాడ కూడా కొంత తెలుస్తుంది. ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ అనే పాయ మీద 1927లో గార్జా డ్యామ్ కట్టి లేక్ డాలస్ అన్నారు. తర్వాత కింద లూయిస్‌విల్ డ్యామ్ పెద్దదిగా కట్టారు. 1957లో పాత డ్యామ్‌కు గండి కొట్టి రెంటినీ ఒకటి చేశారు. ఆ పాత కట్ట ఇప్పటికీ నీళ్ల కింద ఉంది. మునిగిన కట్ట అంటే ఒక పక్క లోతు, ఒక పక్క మెరక. పడవ ఉన్నవాళ్లు దాన్ని మ్యాపులో వెతికి పెట్టుకోవాలి. గట్టు మీద నుంచి వేసేవాళ్లకు అసలు ఆస్తి వాగులే: హికరీ క్రీక్, లిటిల్ ఎల్మ్ క్రీక్, స్టూవర్ట్ క్రీక్, కాటన్‌వుడ్ బ్రాంచ్.

మొదటి అడుగు: లైసెన్సు, లెక్కలు

టెక్సస్‌లో మామూలు ఫిషింగ్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. మే నెలలో కొన్నా సరే. సెప్టెంబరులో పాత కాగితంతో వచ్చి దొరికిపోయేవాళ్లను చూశాను, కాబట్టి సెప్టెంబరు 1 తర్వాత వెళ్లే మొదటి రోజే కొత్తది తీసుకోండి. టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలకు మించి ఉన్నవాళ్లు రెసిడెంట్ల కింద లెక్క. వాళ్లకు మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, మిగతావాళ్లకు 58. ఒక్క రోజు లైసెన్సు కూడా ఉంది: రెసిడెంట్లకు 11, ఇతరులకు 16. 17 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకో దారి ఉంది. టెక్సస్ స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచో పియర్ (నీళ్లలోకి కట్టిన వంతెన) మీద నుంచో గాలం వేయడానికి ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుము చాలు. లూయిస్‌విల్ లేక్ మీద స్టేట్ పార్కు లేదు. అదే నది మీద పైన ఉన్న రే రాబర్ట్స్ లేక్‌లో ఐల్ డు బోయ్ యూనిట్ ఉంది. పాతికేళ్లుగా గాలం ముట్టని నాన్నగారిని తీసుకెళ్లి బెండు మునిగినప్పుడు ఆయన ముఖం చూడండి.

ఇంటికి తెచ్చుకునే వాటికి కొలతలున్నాయి. లార్జ్‌మౌత్ బాస్ కనీసం 14 అంగుళాలు ఉండాలి. స్మాల్‌మౌత్, స్పాటెడ్ బాస్‌లతో కలిపి రోజుకు 5. వైట్ బాస్, క్రాపీ రెండూ కనీసం 10 అంగుళాలు, రోజుకు 25 చొప్పున. హైబ్రిడ్ స్ట్రైపర్ (వైట్ బాస్, స్ట్రైప్డ్ బాస్‌ల సంకరం) 18 అంగుళాలు, 5. బ్లూగిల్‌కు హద్దు లేదు. చేపను పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, తోక రెండు కొనలను దగ్గరికి నొక్కి కొలవాలి. తలా తోకా తీయడం ఇంటికెళ్లాకే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైటులో ఆ లేక్ పేజీ ఒకసారి చూడండి.

రెండు రాడ్లు చాలు

బాస్ కోసం ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్, 8 పౌండ్ల మోనోఫిలమెంట్ (ఒంటిపోగు) దారం. చిన్న చేపలకు అయిదున్నర అడుగుల అల్ట్రాలైట్, 4 పౌండ్ల దారం. అల్ట్రాలైట్ మీద అరచేయంత బ్లూగిల్ తగిలినా పెద్ద చేప లాగినట్టే ఉంటుంది, పిల్లలకు అదే పట్టుకుంటుంది. బ్రెయిడ్ (అల్లిన) దారం మంచిదే కానీ మొదటి ఏడాది వద్దు. చిక్కుపడితే విప్పలేరు, గాలికి మరీ ఎగురుతుంది.

ముడి ఒకటి నేర్చుకోండి, పలోమర్. దారం కొసను జానెడు మడిచి, ఆ మడతను గాలం కన్నులోంచి దూర్చండి. ఆ జంట దారంతోనే గాలం మీద ఒక వదులు ముడి వేయండి, మామూలు ముడే, బిగించకండి. ఇప్పుడు మడత కొసను కొంచెం తెరిచి గాలం మొత్తాన్ని దాంట్లోంచి దాటించండి. నోటితో తడి చేసి, నెమ్మదిగా రెండు పోగులూ కలిపి లాగండి. పొడిగా లాగితే రాపిడికి దారం కాలి బలహీనపడుతుంది. గోరుతో తడిమితే గరుకుగా తగిలిన ముడిని కోసేసి మళ్లీ వేయండి. నా గాలానికి తగిలి దారం తెంచుకుపోయిన పెద్ద చేపల్లో ఎక్కువ భాగం ముడి దగ్గరే తెంచాయి.

ఈ లేక్‌లో 2013 నుంచి జీబ్రా మస్సెల్స్ ఉన్నాయి. గోరంత చారల గుల్లలు, రాళ్లకూ బ్రిడ్జి స్తంభాలకూ గుత్తులుగా అంటుకుని ఉంటాయి, అంచులు బ్లేడులా ఉంటాయి. నాలుగైదు విసుర్లకోసారి దారం చివరి రెండడుగులు వేళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే అంత మేరా తెంపేయాలి. చెప్పులు లేకుండా నీళ్లలోకి దిగొద్దు.

షాడ్‌ను వెతకడం

ఇంటి దగ్గరే సగం పని అయిపోతుంది. ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు తెరిచి, నడిచి వెళ్లగలిగే పార్కులున్న వాగులను చూడండి. వాగు వంపు తిరిగే చోటు, రోడ్డు దాటే బ్రిడ్జి, కల్వర్టు గుర్తు పెట్టుకోండి. లేక్ నీటిమట్టం కూడా చూడాలి. నిండు మట్టం సముద్రమట్టానికి 522 అడుగులు. దానికి మూడు నాలుగు అడుగులు తక్కువుంటే వాగు చివర్లు ఎండి బురద అయి ఉంటాయి, ముఖద్వారం వైపు జరగాలి.

తర్వాత గాలి. రెండు రోజులుగా దక్షిణపు గాలి వీస్తుంటే ఉత్తరపు గట్టుకు వెళ్లండి. గాలి పైనీళ్లను, వాటితో పాటు షాడ్ తినే ఆహారాన్ని ఆ గట్టుకు నెడుతుంది. ముఖం మీదికి గాలి కొట్టే చోట విసరడం కష్టం, అందుకే అందరూ గాలి మరుగున ఉన్న ప్రశాంతమైన గట్టుకు పోతారు. ఆ కష్టానికి ఫలం ఉంది. అలలు కొట్టే గట్టున నీళ్లు కాస్త కలక బారి, బాస్ భయం లేకుండా దగ్గరికి వస్తుంది.

లేక్ చేరాక వెంటనే విసరకండి. పది నిమిషాలు నిలబడి చూడండి. పొద్దున్న పల్చటి ఎండలో నీళ్ల పైన చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న వలయాలు కనిపిస్తే అది షాడ్ గుంపు. కొంగలు ఒక గట్టున బారులు తీరి ఉంటే అక్కడికి నడవండి. నవంబరులో గల్ పక్షులు వస్తాయి. అవి ఒకే చోట తిరుగుతూ నీళ్లలోకి దూకుతుంటే కింద వైట్ బాస్ వేట సాగుతోందన్నమాట. పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే నీళ్ల మీది మెరుపు పోయి రెండు మూడడుగుల లోతు కనిపిస్తుంది. ఏమీ కనిపించకపోతే ఇరవై నిమిషాలు వేసి చోటు మార్చండి. ఓపిక అంటే ఒకే చోట కూర్చోవడం అని మన కాలవ గట్టున నేర్చుకున్నాం. ఈ కాలంలో ఈ లేక్ మీద మాత్రం కాళ్లకు పని చెప్పాలి.

బాస్

లార్జ్‌మౌత్ మన కొర్రమీనులాంటి వేటగాడు. మొద్దు పక్కనో, తుంగ అంచునో, పడవలు కట్టే డాకు నీడలోనో కదలకుండా పొంచి ఉండి ఒక్క ఊపున మింగుతుంది. కాబట్టి షాడ్ ఉన్న వాగులో అలాంటి మరుగు ఎక్కడుందో చూసి, దాన్ని దాటించి విసిరి, ఎరను దాని పక్క నుంచి నడిపించాలి.

మూడు నాలుగడుగుల నీళ్లలో నా మొదటి ఎంపిక స్క్వేర్‌బిల్ క్రాంక్‌బెయిట్ అనే చేప ఆకారపు గట్టి ఎర, షాడ్ రంగుది. మూతి దగ్గర చదునైన రేకు ఉంటుంది, చుడుతుంటే తల కిందికి దిగి ఊగుతుంది. దాన్ని రాళ్లకూ మొద్దులకూ తగిలేలా చుట్టండి. తగిలిన క్షణం పక్కకు గెంతుతుంది, సరిగ్గా అప్పుడే చేప పట్టేస్తుంది. తగలగానే అర సెకను ఆపడం నేర్చుకుంటే మీకు పడే చేపల సంఖ్య మారిపోతుంది. గాలి బాగా ఉండి నీళ్లు కలకగా ఉంటే తెల్లటి స్పిన్నర్‌బెయిట్ (గిర్రున తిరిగే రేకు ఉన్న ఎర), ఔన్సులో మూడు ఎనిమిదో వంతు బరువుది, నిలకడగా చుడితే సరిపోతుంది.

తెల్లవారే అరగంట పైన తేలే ఎరతో ఆడండి. చేప నీళ్లు బద్దలు చేసుకుని పైకి వచ్చినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది, చేయి తనంతట తాను లాగేస్తుంది. లాగొద్దు. రాడ్ కొసకు బరువు తెలిసేదాకా చుడుతూనే ఉండి అప్పుడు లాగాలి. కంటితో చూసి లాగితే పదిలో ఏడు చేజారిపోతాయి.

ఇక నార్తర్. ఉత్తరం నుంచి చలిగాలి వచ్చి ఒక్క రాత్రిలో 25 డిగ్రీలు పడిపోయి, మర్నాడు ఆకాశం మచ్చ లేకుండా నీలంగా ఉంటుంది. పిక్నిక్‌కు అంతకన్నా మంచి రోజు ఉండదు, గాలానికి అంతకన్నా చెడ్డ రోజు ఉండదు. చలిగాలి రాబోయే ముందు మబ్బు పట్టిన మధ్యాహ్నం సెలవు పెట్టయినా వెళ్లండి. తర్వాతి రోజు వెళ్లక తప్పకపోతే టెక్సస్ రిగ్ తీయండి. గుండు సీసాన్ని దారానికి ఎక్కించి, వంపు గాలం కట్టి, నాలుగంగుళాల ప్లాస్టిక్ పురుగు తల కొసలో గాలం మొనను పావు అంగుళం గుచ్చి పక్కకు తీయండి. పురుగును కన్ను దాకా లాక్కుని, గాలాన్ని తిప్పి, మొనను మళ్లీ పురుగు ఒంట్లోకి గుచ్చి దాచేయండి. పురుగు తిన్నగా వేలాడాలి. వంకర ఉంటే నీళ్లలో గింగిరాలు తిరిగి దారం పురి పడుతుంది. దాన్ని మరుగు పక్కన పడేసి, అడుగున అంగుళం అంగుళం లాగుతూ, దారాన్ని చూస్తూ ఉండండి. కుదుపు చాలాసార్లు తెలియదు. దారం మెల్లగా పక్కకు జరిగితే చాలు, అది చేపే.

వైట్ బాస్‌ను టెక్సస్ వాళ్లు శాండ్ బాస్ అంటారు. పేరులో బాస్ ఉన్నా లార్జ్‌మౌత్‌కు చుట్టం కాదు. లార్జ్‌మౌత్ నిజానికి బ్లూగిల్, క్రాపీల కుటుంబం, సన్‌ఫిష్ జాతి. శాండ్ బాస్ వేరే కుటుంబం, లోతు నీళ్లలో గుంపులుగా తిరుగుతుంది. పక్షుల కింద, మెరక మీద, ముప్పాతిక ఔన్సు స్లాబ్ అనే సీసపు ఎరను అడుగు దాకా వదిలి అడుగున్నర ఎత్తుకు కుదిపి దించుతుంటే ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. హైబ్రిడ్‌తో పొరబడొద్దు, దాని కొలత వేరు. వైట్ బాస్ నాలుక మీద పళ్ల మచ్చ ఒకటే, హైబ్రిడ్‌కు రెండు. హైబ్రిడ్ చారలు ముదురుగా, తెగి తెగి ఉంటాయి.

క్రాపీ: నాకు అన్నిటికన్నా ఇష్టమైనది

అక్టోబరు మధ్య నుంచి క్రాపీ పది నుంచి ఇరవై అడుగుల నీళ్లలో మునిగిన కంప, బ్రిడ్జి స్తంభాలు, డాకుల కాళ్ల చుట్టూ గుంపు కడుతుంది. ఒకటి దొరికితే అక్కడే పది ఉంటాయి. ఒక్కటీ దొరకని కంప దగ్గర గంట కూర్చోవడం దండగ.

గట్టు మీద నుంచో పియర్ మీద నుంచో అంత లోతుకు వేయాలంటే జారే బెండు కావాలి. మన జొన్న బెండు దారానికి కట్టేసి ఉంటుంది కదా, ఇది దారం మీద జారుతుంది. దారానికి ముందు చిన్న దారపు ఆపు ముడి వేసి, దాని కింద పూస, దాని కింద బెండు, ఆ కింద చిన్న సీసం, చివర ఔన్సులో పదహారో వంతు జిగ్ (సీసపు తల ఉన్న గాలం) కట్టాలి. విసిరే ముందు దారం చుట్టేటప్పుడు ఆపు ముడి రాడ్ రింగుల్లోంచి దూరి రీల్‌లోకి చుట్టుకుపోతుంది, కాబట్టి పన్నెండడుగుల లోతు పెట్టుకున్నా సులువుగా విసరవచ్చు. నీళ్లలో పడ్డాక జిగ్ దిగుతూ దిగుతూ ఆపు ముడి పూసకు తగలగానే బెండు నిటారుగా లేస్తుంది. అంటే ఎర మీరు అనుకున్న లోతుకు చేరిందన్నమాట.

క్రాపీ తనకు పైన ఉన్న ఎర కోసం లేస్తుంది, కింద ఉన్న దాని కోసం దిగడానికి ఇష్టపడదు. అందుకని కంప పదిహేనడుగుల్లో ఉంటే ఎరను పదకొండులో మొదలుపెట్టండి. పది నిమిషాలకు ఒక అడుగు దించుతూ పోండి. దొరికిన లోతును గుర్తు పెట్టుకుంటే ఆ రోజంతా అదే లోతు. జిగ్ పట్టకపోతే దుకాణంలో బతికున్న మిన్నోలు (ఎరకు వాడే చిన్న చేపలు) డజను తెచ్చి, రెండు పెదవుల్లోంచి గాలం గుచ్చి వదలండి. మిగిలిన మిన్నోలను లేక్‌లో గుమ్మరించకండి.

బెండు ఎప్పుడూ మునుగుతుందనుకోవద్దు. క్రాపీ కింద నుంచి ఎరను నోట్లో పెట్టుకుని పైకి లేస్తుంది, అప్పుడు సీసం బరువు తగ్గి బెండు పక్కకు పడుకుంటుంది. కొత్తవాళ్లు గాలి అనుకుని వదిలేస్తారు. బెండు పడుకుంటే చేప పట్టిందని అర్థం. అలాగని గట్టిగా లాగకూడదు. క్రాపీ నోరు కాగితంలా పల్చన, లాగితే చిరిగిపోతుంది. రాడ్‌ను మణికట్టుతో పైకెత్తి, బరువు తెలియగానే ఆగకుండా చుడుతూ రండి. పియర్ మీదికి రాడ్‌తో ఎత్తి లేపొద్దు, చేతి వల పెట్టండి.

పిల్లలతో వెళ్తే బ్లూగిల్

8వ నంబరు గాలం, చిక్కుడు గింజంత ఎర్ర (వానపాము) ముక్క, బొటనవేలంత బెండు. గట్టుకు పేర్చిన రాళ్ల పక్కన, డాకు నీడలో, మూడడుగుల లోతు. అంతే. ఎర్రను మొత్తం గుచ్చితే కొసలు కొరుక్కుని పోతాయి, ముక్కే పెట్టాలి. నీళ్లు 60కి పడిపోయేదాకా ఇవి గట్టు దగ్గరే ఉంటాయి, తర్వాత లోతుకు జారతాయి. కాబట్టి పిల్లలను అక్టోబరులోనే తీసుకెళ్లండి. గంటన్నర చాలు, వాళ్లకు ఇంకా ఉండాలనిపిస్తుండగానే బయల్దేరండి.

బ్లూగిల్ వెన్ను మీద ముళ్లుంటాయి. చేయి తడి చేసుకుని, తల వైపు నుంచి తోక వైపు నిమురుతూ ముళ్లను మడిచి పట్టుకోవాలి. ఎదురు పట్టుకుంటే గుచ్చుకుంటాయి. మధ్యలో చానల్ క్యాట్‌ఫిష్ కూడా పడవచ్చు. మన జెల్లలాగే దానికీ వెన్నున ఒకటి, పక్కల రెండు ముళ్లుంటాయి, వాటి సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బాస్‌కైతే కింది పెదవిని బొటనవేలితో పట్టుకోండి, పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే. బరువైన దాన్ని పెదవి పట్టుకుని అడ్డంగా వేలాడదీయకుండా రెండో చేయి పొట్ట కింద పెట్టండి. తడి చేయి ఎందుకంటే, పొడి చేతికి చేప ఒంటి మీది జిగురు ఊడొస్తుంది. ఆ జిగురే దాన్ని రోగాల నుంచి కాపాడేది.

ఏది ఇంటికి, ఏది నీళ్లకి

చట్టం అయిదు బాస్‌లు తెచ్చుకోనిస్తుంది. నేను ఒక్కటి కూడా తేను. పెద్ద లార్జ్‌మౌత్ తయారవడానికి ఏళ్లు పడుతుంది, రుచిలో క్రాపీకి సాటి రాదు. క్రాపీ, శాండ్ బాస్, బ్లూగిల్ తెచ్చుకోండి, తినగలిగినన్ని. అక్టోబరు, నవంబరుల్లో కార్తీక మాసం వస్తుంది. ఇంట్లో పాటించేవాళ్లు ఆ నెల పట్టి వదిలేస్తే సరి. నాకు తెలిసిన ఒకాయన ఆ నెలంతా గాలం ముల్లు వెనక మొనను పట్టుకారుతో నొక్కేసి, చేపను నీళ్లలోనే విడిపిస్తాడు.

తెచ్చుకునేవి పట్టిన వెంటనే ఐస్‌లో పడాలి. బకెట్లో నీళ్లు పోసి ఎండలో పెడితే కండ మెత్తబడిపోతుంది. క్రాపీని మొప్ప వెనక నుంచి వెన్నెముక దాకా కోసి, కత్తి అడ్డం తిప్పి, వెన్నెముకను ఆనుకుని తోక దాకా లాగండి. ముక్క ఊడి వస్తుంది. తోలు తీసి, పక్కటెముకల పొర కోసేస్తే ముల్లన్నది ఉండదు. శీలావతి తిని పెరిగిన మనకు అదొక వింత. శాండ్ బాస్ ముక్కలో మధ్యన ఎర్రటి చారలాంటి కండ ఉంటుంది, దాన్ని తీసేస్తే నీచు వాసన పోతుంది.

క్రాపీ ముక్కలతో పులుసు పెట్టొద్దు, గరిటె తగిలితే చాలు విడిపోతాయి. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, కాస్త బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించాలి. పులుసే కావాలంటే బ్లూగిల్. పొలుసు గీరి, పొట్ట శుభ్రం చేసి, తల తీసి, ముల్లుతో సహా చింతపండు పులుసులో వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది.

నీళ్ల మీద జాగ్రత్త

ఇది వెడల్పాటి లేక్. పొద్దున అద్దంలా ఉన్నది గంటలో మూడడుగుల అలలవుతుంది. కయాక్ మీద వెళ్లేవాళ్లు వాగు దాటి నడి లేక్‌లోకి పోవద్దు, ఉత్తర గాలి రాబోతోందని ఫోన్ చెబితే అసలు దిగొద్దు. 60 డిగ్రీల నీళ్లలో పడితే ఈత వచ్చినవాళ్లకూ ఊపిరి బిగుసుకుపోతుంది. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. చిన్న పడవల్లో 13 ఏళ్లలోపు పిల్లలకు అది చట్టం కూడా.

పడవ, కయాక్, బకెట్ ఏదైనా లేక్ విడిచే ముందు చుక్క నీరు లేకుండా ఒంపేయాలి. జీబ్రా మస్సెల్ పిల్లలు కంటికి కనబడవు, మీ బకెట్లో నీళ్లతో పక్క లేక్‌కు చేరతాయి. టెక్సస్‌లో ఇది 2014 నుంచి రాష్ట్రమంతటా నియమం. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకుని రండి. కాళ్లకు దారం చుట్టుకుని గట్టున పడి ఉన్న కొంగను ఒకసారి విడిపించాను, పట్టుకారుతో పదిహేను నిమిషాలు పట్టింది.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారాక సాయంత్రం ఆఫీసు అయ్యేసరికి చీకటి పడుతుంది, కాబట్టి వారాంతపు పొద్దులే మిగులుతాయి. థాంక్స్‌గివింగ్ వారం దాకా వాగుల్లో బాస్ ఆడుతుంది. తర్వాత ఒక పొద్దున వెళ్తే కొంగలుండవు, వలయాలుండవు, థర్మామీటరు 52 చూపిస్తుంది. అప్పుడు చిన్న రాడ్, జారే బెండు తీసుకుని లోతైన బ్రిడ్జి స్తంభాల దగ్గరికి వెళ్లండి. క్రాపీ అక్కడ చలికాలమంతా ఉంటుంది.